ఇంటాయనకి చెప్పాం

ఆ కంటి ఆసుపత్రిలో ఆమెను అందరూ ప్రశ్నలక్క అని పిలిచేవారు. కన్ను లోపలి పొరలు వాచి వచ్చే రోగులకు అక్కడ విడిగా ఒక విభాగం ఉంది. కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, చూపు మసకేసి వచ్చినవాళ్ళు డాక్టరు గదిలోకి వెళ్ళేముందు ఈమె బల్ల ముందు కూర్చోవాలి. ఆమె అరవై రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఇంట్లో పిల్లులున్నాయా, పొద్దున లేవగానే నడుము పట్టేస్తుందా, నోట్లో పుళ్ళు పడుతుంటాయా, ఇంట్లో ఎవరికైనా విడవని దగ్గుందా. "కంటికి జబ్బొస్తే నా నడుముతో నీకేం పనమ్మా?" అని విసుక్కోని ముసలివాళ్ళు లేరు. "కన్ను మీ ఒంట్లోదే కదా తాతా, అదేమన్నా అద్దెకుంటోందా?" అని ఆమె నవ్వేది.

పెద్ద డాక్టరమ్మ నాలుగేళ్ళుగా ఒక పరిశోధన చేస్తోంది. ఈ వాపు ఏ వయసువాళ్ళకు వస్తోంది, ఏ పనులు చేసేవాళ్ళకు వస్తోంది, ఎందువల్ల వస్తోంది అని. క్షయ వల్ల ఇంతమందికి, కీళ్ళవాతం వల్ల ఇంతమందికి, పిల్లుల నుంచి సోకే క్రిమి వల్ల ఇంతమందికి. ఐదువందల మంది పూర్తయితే పుస్తకంగా వేస్తారు. ప్రశ్నలక్క రిజిస్టరులో చివరి గడి పేరు 'కారణం'. ముగ్గురిలో ఒకరికి ఆ గడిలో 'తెలియలేదు' అనే రాయాల్సి వచ్చేది. అలా రాసిన రోజు ఆమెకు అన్నం సయించేది కాదు. ఇంటికెళ్ళి చెల్లెలితో చెప్పుకునేది: "అరవై రెండు ప్రశ్నలడిగినా చిక్కలేదే. ఎక్కడో నేనే అడగాల్సింది అడగలేదు."

చెల్లెలు ఆమెకన్నా పదకొండేళ్ళు చిన్న. అమ్మానాన్నలు రెండేళ్ళ తేడాలో పోతే, జడ వెయ్యడం దగ్గర్నుంచి పెళ్ళి చెయ్యడం దాకా అక్కే చూసుకుంది. తన పెళ్ళి మాట ఎవరెత్తినా "చూద్దాంలెండి" అంటూ నలభై దాటేసింది. చెల్లెలికి సంబంధం కూడా తనే వెతికింది. కుర్రవాడు నీళ్ళ మోటార్లు అమ్మే కంపెనీలో పనిచేస్తాడు. నెలలో పది పన్నెండు రోజులు ఊళ్ళు తిరగాలి. మాట మెత్తన, సిగరెట్టు కూడా ముట్టడు. "మా మరిది వెన్నముద్ద" అని ఆమె ఆసుపత్రిలో ఎందరితో చెప్పుకుందో లెక్కలేదు. చెల్లెలికి ఇద్దరు పిల్లలు. వాళ్ళు బడికి వెళ్ళాక ఇంట్లోనే మిషను మీద చిన్నపిల్లల గౌన్లు కుట్టేది. మెడ చుట్టూ సన్నని కుచ్చులు పెట్టడంలో ఆ చుట్టుపక్కల ఆమె తర్వాతే ఎవరైనా.

అక్కచెల్లెళ్ళ ఇళ్ళ మధ్య రెండు వీధులు. వాళ్ళు మాట్లాడుకోని విషయం అంటూ ఒకటుందని ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

చెల్లెలి కుడికన్ను ఎర్రబడినప్పుడు మొదట కళ్ళకలక అనుకున్నారు. వారం తిరిగేసరికి కిటికీ వైపు చూడలేక కొంగు అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. సూదిలోకి దారం ఎక్కడం లేదంది. అక్క వెంటనే ఆసుపత్రికి రమ్మంది. భార్యాభర్తలిద్దరూ వచ్చారు. బల్లకు అటువైపు సొంత చెల్లెలు కూర్చుంటే ప్రశ్నలడగడం ప్రశ్నలక్కకు వింతగా అనిపించింది. సగం జవాబులు ఆమెకే తెలుసు. తెలియనివాటికి మరిది బదులు చెప్పాడు. "నడుం నొప్పి లేదు వదినగారూ. నోట్లో పుళ్ళా? ఎప్పుడో ఒకసారి పడ్డట్టున్నాయి." తన ఒళ్ళు గురించి ఆయనకు తెలిసినంత తనకే తెలియదన్నట్టు చెల్లెలు తలూపుతూ కూర్చుంది.

చివరి నాలుగు ప్రశ్నలు మొగుడూ పెళ్ళాల మధ్య సంగతులు. మర్మస్థానాల్లో ఎప్పుడైనా పుండ్లు పడ్డాయా, భర్తకు పడ్డాయా, వేరే సంబంధాలున్నాయా, అలాంటివి. మరిది పక్కనే నిలబడి ఉన్నాడు. తను చూసి చేసిన పెళ్ళి. ప్రశ్నలక్క ఆ నాలుగూ అడగలేదు. అడగకుండానే 'లేదు' అని నాలుగు టిక్కులు పెట్టేసింది.

పెద్ద డాక్టరమ్మ కన్ను చూసి, "ఇది పైపై వాపు కాదు, వెనక పొరల దాకా పోయింది" అని రక్తం పరీక్షలకు రాసింది. "నీతో కలిపి నాలుగువందల తొంభై ఒకటమ్మా. మీ అక్క లెక్కకి ఇంక తొమ్మిది మందే తక్కువ" అని చెల్లెలి భుజం తట్టింది. చెల్లెలు కూడా నవ్వింది.

నాలుగోనాడు పరీక్షల కాగితం ప్రశ్నలక్క చేతికే వచ్చింది. అన్ని కాగితాలూ ఆమె చేతికే వస్తాయి. క్షయ లేదు, పిల్లుల క్రిమి లేదు. సిఫిలిస్ ఉంది. రెండు రకాల పరీక్షల్లోనూ ఉంది. జనం సుఖవ్యాధి అంటారే, అది. ఆమె కాగితాన్ని తిప్పి పేరు చూసింది. వయసు చూసింది. మళ్ళీ పేరు చూసింది. ఆ తర్వాత చెయ్యి అలవాటుగా రిజిస్టరు తెరిచి, 491 ఎదురుగా కారణం గడిలో ఆ మాట రాసి, తేదీ వేసింది. తెలియలేదు అని రాయక్కర్లేని రోజు ఆమెకు సంతోషంగా ఉండాలి.

ఆరోజు పెద్ద డాక్టరమ్మ సెలవు. చిన్న డాక్టరు ఒక్కడే తొంభై మందిని చూస్తున్నాడు. చెల్లెలు మరిదితో బయట వరండాలో బెంచీ మీద ఉంది. కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేసి కళ్ళు మూసుకు కూర్చోమన్నారు. ప్రశ్నలక్క ఫైలు లోపలికి పంపి తన కిటికీలోంచి చూస్తూ నిలబడింది. చిన్న డాక్టరు బయటికి వచ్చాడు. మూసుకున్న కళ్ళతో ఉన్న మనిషిని చూసి, మరిదిని వేలితో పిలిచి, గోడవారకు తీసుకెళ్ళి రెండు నిమిషాలు మాట్లాడాడు. మరిది తలూపాడు. వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. ఆమె చేతిని తన రెండు చేతుల మధ్యకు తీసుకుని చెవిలో ఏదో చెప్పాడు. చెల్లెలు కళ్ళు తెరవకుండానే తల కిందికి దించింది.

చెప్పేశాడు, అనుకుంది ప్రశ్నలక్క. ఆమె గుండె మీద నుంచి బండ దిగినట్టయింది. ఫైలు వెనక్కి వచ్చినప్పుడు చిన్న డాక్టరు రాత చూసింది: 'పద్నాలుగు రోజులు చేర్చుకుని ఇంజెక్షన్లు ఇవ్వాలి. రోగి భర్తకు తెలియజేశాం.'

మరిది చెవిలో చెప్పింది వేరు. "వేడి వల్ల వచ్చిందట. చుక్కలు చాలు. వీళ్ళు మాత్రం రెండు వారాలు ఇక్కడే పడుకోమంటున్నారు. వాళ్ళ లెక్కకి మనుషులు కావాలిగా. మనం వేరే చోట చూపించుకుందాం." ఐదువందలు పూర్తి కావడం గురించి అక్క నోట ఎన్నోసార్లు విన్న చెల్లెలికి అది నిజమే అనిపించింది. అక్క బాధపడుతుందేమోనన్న మొహమాటంతో ఆమె తల దించుకుంది.

ఆ వారం చెల్లెలు అక్క ఇంటికి వచ్చి గడపలోనే నిలబడింది. నల్లద్దాలు పెట్టుకుంది.

"అక్కా, నువ్వేమీ అనుకోకు. ఆయన వేరే చోట చూపిస్తున్నారు."

"అనుకోవడానికేముంది. నాకు తెలుసులే."

"నువ్వు పనిచేసే చోట మానేసి ఇంకెక్కడికో వెళ్తే నీకు తలవంపులని..."

"తలవంపులేం లేవు. ఎక్కడైతేనేం, మందు పడాలి. పడుతోందా?"

"పడుతోంది."

ప్రశ్నలక్కకు అంతకన్నా అడగడానికి నోరు రాలేదు. అడిగితే సిగ్గుతో చచ్చిపోతుంది పిల్ల, చెప్పాలనిపించినప్పుడు అదే చెప్తుంది అనుకుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఇంటి గుట్టు ఇంట్లో ఉండనీ. చెల్లెలేమో, అక్కకు కోపం రాలేదు, గండం గడిచింది అనుకుని కాఫీ తాగి వెళ్ళింది. ఒకరు ఇంజెక్షన్ల గురించి మాట్లాడారు, ఒకరు చుక్కల గురించి మాట్లాడారు. ఇద్దరూ 'మందు' అనే ఒకే మాట వాడారు.

చుక్కలకు ఎరుపు తగ్గింది. ఎరుపు తగ్గితే రోగం తగ్గిందనుకోని వాళ్ళెవరు? వాపు లోపల తన పని తాను చేసుకుపోతూనే ఉంది. నెల గడిచాక పెద్ద డాక్టరమ్మ రిజిస్టరు తిరగేస్తూ ఆగింది.

"491 ఇంజెక్షన్లకు రాలేదే. మీ చెల్లెలు కదూ?"

"వేరే ఆసుపత్రిలో తీసుకుంటోందండీ."

"ఎక్కడ? ఆ కాగితాలు తెప్పించు. ఇది ఆషామాషీ వ్యవహారం కాదు."

"అడుగుతానండీ" అంది ప్రశ్నలక్క. అడగలేదు. రెండుసార్లు చెల్లెలి వీధి మొదటి దాకా వెళ్ళి, వంకాయలు కొనుక్కుని వెనక్కి వచ్చింది. మూడోసారి ఇంట్లోకే వెళ్ళింది కానీ, మరిది ఉన్నాడు. భార్యకు పండు ముక్కలు కోసి పళ్ళెంలో పెడుతున్నాడు. "రండి వదినగారూ, కూర్చోండి" అన్నాడు. ఆమె కూర్చుంది. పిల్లల చదువుల గురించి మాట్లాడి లేచి వచ్చింది.

మూడున్నర నెలలకు ఒక పొద్దున చెల్లెలు ఒక్కతే ఆటో దిగి, వరండా గోడ పట్టుకుని నడుచుకుంటూ ఆసుపత్రికి వచ్చింది. నిద్ర లేచేసరికి కుడికంటికి తెర దించినట్టయిందట. ఎడమకన్ను ఎర్రబడుతోంది. మరిది ఊళ్ళో లేడు. ఉంటే ఇంకో కొత్త చుక్కల సీసా వచ్చి ఉండేది.

పెద్ద డాక్టరమ్మ తలుపు మూసి చూసింది. అరగంట తర్వాత తలుపు తెరుచుకుంది. చెల్లెలు తిన్నగా ప్రశ్నలక్క గదికి వచ్చి, రోగులు కూర్చునే కుర్చీలో కూర్చుంది.

"సుఖవ్యాధట అక్కా" అంది. "సుఖమెవరిదో, వ్యాధెవరిదో."

అక్క లేచి ఆమె దగ్గరకు వెళ్ళబోయింది. చెల్లెలు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆయన రెండేళ్ళ కిందటే ఎక్కడో ఊళ్ళో ఇంజెక్షన్లు చేయించుకున్నాడట. ఇందాక డాక్టరమ్మ ఫోన్ చేస్తే ఒప్పుకున్నాడు. తను బాగు చేసుకుని నన్ను వదిలేశాడు. సరే. నాకు ఒక్కటి చెప్పు. డాక్టరమ్మ రిజిస్టరు తెరిచి చూపించింది. ఈ కన్నింకా కనిపిస్తోందిలే. కారణం దగ్గర రాసింది నీ రాత. తేదీ నాలుగు నెలల కిందటిది."

"నీకు తెలుసనుకున్నానే."

"ఎవరు చెప్పారని?"

"ఆయన చెప్పాడనుకున్నా. వరండాలో నీ చెయ్యి పట్టుకుని..."

"నాకు వేడి చేసిందని చెప్పాడు."

"అడిగితే సిగ్గుపడతావని..." అంది ప్రశ్నలక్క.

"నేనా సిగ్గుపడేది?" చెల్లెలు గొంతు పెంచలేదు. "ఊళ్ళో వాళ్ళందర్నీ అరవై రెండు అడుగుతావే అక్కా. నన్ను ఒక్కటి, 'ఇంజెక్షన్ చేస్తున్నారా' అని ఒక్కటి అడగలేకపోయావా?"

పద్నాలుగు రోజులు ఆసుపత్రిలోనే ఉంచారు. నాలుగేసి గంటలకొకసారి చేతి నరంలోకి మందు ఎక్కించేవారు. ఎడమకన్ను తేరుకుంది. కుడికన్నుకు చీకటీ వెలుతురూ మాత్రం మిగిలాయి. కంటి నరం ఎండిపోయింది, చూపు ఇంక రాదు అని డాక్టరమ్మ చెప్పింది. పిల్లలిద్దరికీ రక్తం పరీక్ష చేశారు, వాళ్ళకేమీ లేదు. ప్రశ్నలక్క పని మధ్యలో వచ్చి మంచం పక్కన కూర్చునేది. చెల్లెలు గోడవైపు తిరిగి పడుకునేది. సాయంత్రం మరిది పళ్ళు తెచ్చి కోసి ఇస్తే మాత్రం లేచి కూర్చుని తినేది.

ఒకరోజు మెట్ల దగ్గర ప్రశ్నలక్క మరిదిని నిలదీసింది. "నువ్వొక మనిషివేనా? దాని కన్ను తినేశావు."

ఆయన తల దించుకున్నాడు. కానీ నోరు మెత్తగానే ఉంది. "తప్పే వదినగారూ. కాపురం ఏమైపోతుందోనని భయపడ్డాను. చుక్కలతో తగ్గుతుందనుకున్నాను." ఒక మెట్టు దిగి ఆగాడు. "మీకూ తెలుసట కదా. మీరెందుకు చెప్పలేదు?"

ఆమె మెట్టు మీద పక్కకు జరిగింది.

"మీరూ దాని కాపురం కోసమే ఊరుకుని ఉంటారు" అని ఆయనే చెప్పి, వెళ్ళిపోయాడు.

ఆసుపత్రి నుంచి పంపించే రోజున ప్రశ్నలక్క తన ఇంట్లో గది సర్ది, పిల్లలకు రెండు మంచాలు వేయించి ఉంచింది. చెల్లెలు బట్టలు సంచీలో పెట్టుకుంటోంది.

"మనింటికి పోదాం రావే. పిల్లల్ని కూడా తీసుకొస్తా. ఆ మనిషితో ఇంకేం ఉంటావు."

"ఉంటాను" అంది చెల్లెలు. "ఆయన పెట్టే తిండి తింటాను. పిల్లల్ని చదివిస్తాను. నా గదికి గడియ పెట్టుకుంటాను. ఆయనెలాంటివాడో ఇప్పుడు నాకు తెలుసు, జాగ్రత్తగా ఉంటాను. నీ విషయంలో ఎప్పుడూ జాగ్రత్తగా లేను అక్కా. అవసరం ఉందనుకోలేదు."

సంచీ భుజానికి తగిలించుకుని, కుడిపక్క తలుపు కనిపించక భుజం కొట్టుకుని, ఆగి, తడుముకుని బయటికి వెళ్ళింది. సన్నని కుచ్చుల పని పోయింది. లోతు తెలియక సూది వేలికి గుచ్చుకుంటోందని, గౌన్లు మానేసి దిండు గలేబులు కుడుతోందని పక్కింటావిడ చెప్తే అక్కకు తెలిసింది. ఎక్కువ కుట్టి కళ్ళు పోగొట్టుకుందని చుట్టాలంతా అనుకుంటున్నారట. ఆ మాట మరిది పుట్టించిందే. చెల్లెలు కాదనలేదు.

ఆ నెలలో ప్రశ్నలక్క పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్ళి ఒకటి కోరింది. ఇక మీదట పరీక్షలో ఏమున్నా రోగికే చెప్పాలి, తలుపు మూసి ఒంటరిగా చెప్పాలి. ప్రశ్నలు అడిగేటప్పుడు కూడా పక్కన ఎవరూ ఉండకూడదు. డాక్టరమ్మ ఒప్పుకుంది. చిన్న డాక్టరు, "అలాగైతే రోజుకు తొంభై మందిని చూడలేం" అన్నాడు. "అరవై మందిని చూడు" అంది ఆవిడ.

తర్వాత ప్రశ్నలక్క పాత ఫైళ్ళు దించింది. 'భర్తకు తెలియజేశాం' అని ఉన్నవి వెతికితే, నాలుగేళ్ళలో పదకొండు దొరికాయి. వాటిలో తొమ్మిది మంది మళ్ళీ రాలేదు. మధ్యాహ్నం భోజనం మానేసి ఒక్కొక్కరికే ఫోన్ చేసింది. మూడు నంబర్లు పనిచెయ్యలేదు. రెండుసార్లు మగగొంతు పలికి, ఎక్కడినుంచో తెలిశాక పెట్టేసింది. ఒకావిడ, "నాకేం చెప్పలేదే! తలనొప్పి వల్లే కన్నెర్రబడిందన్నారు" అని మర్నాడే వచ్చింది. ఆవిడ రెండు కళ్ళూ దక్కాయి. ఒకామె కూతురు మాట్లాడింది: "మా అమ్మకు కనపడదండి. ఏడాదైంది. ఏమన్నా మందొచ్చిందా?" మిగిలిన ఇద్దరూ వస్తామన్నారు, రాలేదు.

ఐదువందలు ఎప్పుడో పూర్తయ్యాయి, పుస్తకం సిద్ధమైంది. పెద్ద హాల్లో డాక్టరమ్మ తెర మీద బొమ్మలు వేసి చదివింది. క్షయ ఇంత, కీళ్ళవాతం ఇంత, సుఖవ్యాధులు నూటికి నాలుగు, కారణం తెలియనివి ముప్ఫై మూడు. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రశ్నలక్కను లేచి నిలబడమన్నారు. ఆమె నిలబడింది. ఆ ముప్ఫై మూడులో తను పక్కన మొగుణ్ణి చూసి అడగకుండా టిక్కు పెట్టినవెన్నో లెక్క వెయ్యబోయి, వెయ్యలేక కూర్చుంది.

ఆ తర్వాత చెల్లెలు మూడు నెలలకొకసారి పరీక్షకు వచ్చేది. ప్రశ్నలక్క సెలవులో ఉన్న రోజు చూసుకుని వచ్చేది. ఒకసారి మాత్రం లెక్క తప్పింది. ప్రశ్నలక్క తలెత్తేసరికి ఎదురుగా కుర్చీలో ఉంది. ఒంటరిగా వచ్చింది. జుట్టు ఒకపక్కే దువ్వినట్టు పాపిడి వంకరగా ఉంది. చిన్నప్పుడైతే లేచి సరిచేసి ఉండేది.

గదిలో ఇద్దరే. తలుపు మూసి ఉంది. ఎదురుగా కాగితం ఉంది కనక, ప్రశ్నలక్క అడగడం మొదలుపెట్టింది.

"ఎడమకన్నులో నొప్పేమైనా ఉందా?"

"లేదండీ."

కలం ఆగింది. ఆ 'అండీ' ఆమె చెల్లెలి నోట తన కోసం ఎన్నడూ వినలేదు.

"చూపులో తేడా?"

"లేదండీ."

"ఇంట్లో... ఇంట్లో అంతా బాగానే ఉందా?"

"అది మీ కాగితంలో ఉందాండీ?" అని అడిగింది చెల్లెలు.

లేదు. ప్రశ్నలక్క మిగిలినవి వరసగా అడిగింది. చివరి నాలుగూ కూడా అడిగింది. చెల్లెలు నాలుగింటికీ తడుముకోకుండా, ఆమె ముఖంలోకి ఒక్క కంటితో సూటిగా చూస్తూ జవాబు చెప్పింది. ఫైలు తీసుకుని, కుర్చీ వెనక్కి జరిపి, కుడిపక్క గోడ ఎంత దూరమో చెయ్యి చాపి చూసుకుని లేచింది. వెళ్తూ తలుపు తనే దగ్గరకు వేసింది. ప్రశ్నలక్క కాసేపు ఆ తలుపు వైపే చూసి, తర్వాతివాళ్ళను లోపలికి రమ్మంది.